నాలుగుతో మొదలగు నిరాకరణలు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి నడుమ, ప్రయాణికులు బస్సు దిగి టీ త్రాగు మజిలీగా పేరుపడిన సూర్యాపేటలో, బస్టాండు దాపుననున్న జిరాక్సు, ఆన్‌లైన్ సేవల దుకాణములయందు ఏ పూటనైనను కానవచ్చు దృశ్యమొకటి కలదు. మునగాల వైపు పల్లె నుండి బస్సెక్కి వచ్చిన వృద్ధుడొకడు ప్లాస్టిక్ సంచిలో మడిచి తెచ్చిన కాగితములను బల్లమీద పరచి, ఆధార్ కార్డును, పాత రసీదును వేరుగా తీసిపెట్టి, దుకాణపు కుర్రవాని వ్రేళ్లు కీబోర్డుమీద ఆడుచున్నంతసేపును తెరవైపు కన్నార్పక చూచుచుండును. ఇంతలో తెర తెల్లబడును. దానిమీద మూడంకెల సంఖ్యయు, దాని వెంట రెండు ఇంగ్లీషు మాటలును ప్రత్యక్షమగును. కుర్రవాడు రెండుమార్లు రిఫ్రెష్ నొక్కి, "సర్వర్ డౌన్ ఉన్నది తాతా, రేపు రా" అనును. "రేపు గూడ గిట్లనే అంటె ఎట్ల బిడ్డా?" అని ఆ పెద్దమనిషి అడుగును. కుర్రవానికి ఏమి చెప్పవలెనో తోచదు. కాగితములు మరల సంచిలోనికి చేరును.

ఆ ప్రశ్నకు సమాధానము నిజమునకు తెరమీదనే యున్నది. తెరమీది సంఖ్య 404. అది "సర్వర్ పడిపోయినది" అనుటకు గుర్తు కానేకాదు; సర్వరు చక్కగా మేలుకొని, అడిగిన మాట విని, "మీరు చెప్పిన చిరునామాలో నాయొద్ద ఏదియు లేదు" అని ఇచ్చిన స్పష్టమైన బదులది. చిరునామా సరిచూడనంతకాలము రేపు వచ్చినను, ఎల్లుండి వచ్చినను ఆ బదులు మారదు. సర్వరు నిజముగా పడిపోయినప్పుడు "రేపు రండి" అను మాట ధర్మమైన సలహాయే గాని, ఇచ్చట అది వృద్ధునికి ఒక దినమును, రానుపోను బస్సు ఛార్జీని వృథాచేయుట మాత్రమే. వెబ్‌సైటులు మనకు చెప్పు నిరాకరణలన్నియు ఒక్కటి కావనియు, వానిలో ప్రతిదానికిని వేరొక అర్థమును, వేరొక ఉపాయమును కలవనియు, ఆ భేదము నెరుగుట సాంకేతిక నిపుణులకే గాక సామాన్య ప్రజలకును అవసరమైన అక్షరాస్యతయే యనియు నిరూపించుటకే ఈ వ్యాసము.

మనము ఫోనులోగాని కంప్యూటరులోగాని ఒక వెబ్‌సైటును తెరచినప్పుడు జరుగునది చాల సరళమైన ఉత్తర ప్రత్యుత్తరము. మన పక్షమున బ్రౌజరు ఒక అభ్యర్థనను వ్రాసి పంపును. అందులో ఏ పుటను కోరుచున్నామో, దానిని చూడగోరుచున్నామో లేక దానికి వివరములు సమర్పింపగోరుచున్నామో యుండును. ఎచ్చటనో దూరముననున్న సర్వరను కంప్యూటరు దానిని చదివి బదులు పంపును. ఆ బదులు మొదటి పంక్తిలోనే మూడంకెల సంఖ్య యొకటి యుండును. దీనినే స్టేటస్ కోడ్ అందురు. దాని మొదటి అంకె ఆ బదులు యొక్క వంశమును తెలుపును. 2తో మొదలైనచో పని జరిగినది. 3తో మొదలైనచో కోరినది వేరొకచోట నున్నది, అక్కడికి పొమ్ము. 4తో మొదలైనచో వచ్చిన అభ్యర్థనలో లోపమున్నది. 5తో మొదలైనచో లోపము సర్వరుదే. పని జరిగినప్పుడు 200 అను సంఖ్య కూడ వచ్చుచునే యుండును గాని, అది కంటికి కానరాదు. ఆటంకము కలిగినప్పుడే ఆ సంఖ్యలు తెరమీదికి వచ్చి మనకు పరిచయమగుచున్నవి.

ఈ సంఖ్యలు వెబ్‌తోపాటు పుట్టినవి కావు. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ ఈ ఉత్తర ప్రత్యుత్తరమును నడుపుటకై 1991లో రూపొందించిన తొలి హెచ్‌టీటీపీ నియమావళిలో స్టేటస్ కోడ్ అనునదే లేదు. తప్పు జరిగినచో ఆ సంగతి మామూలు పుటలోని వాక్యముగానే వచ్చెడిది; చదివిన మనిషికి బోధపడవలసినదే గాని, అది విజయమో వైఫల్యమో యంత్రము తెలిసికొను మార్గము లేకుండెను. మూడంకెల సంఖ్యలతో బదులు చెప్పు సంప్రదాయము అంతకు పూర్వమే ఇంటర్నెట్టులో నున్నది. 1982లో జోనథన్ పోస్టెల్ వ్రాసిన ఈ-మెయిలు నియమావళిలో అట్టి సంఖ్యలనే చూడగలము. ఆ పద్ధతిని వెబ్ కూడ స్వీకరించెను. 1996 మే నెలలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రములో 400, 401, 403, 404 స్థిరపడినవి. 1997లోను, 1999లోను వెలువడిన పత్రములలో మరికొన్ని చేరినవి. 2022 జూన్‌లో ఈ నియమములలో ప్రధానమైనవి ఆర్‌ఎఫ్‌సీ 9110 అను ఒకే పత్రములో క్రోడీకరింపబడినవి. ఈ పరిణామమంతయు ఒక్క కోరికను తీర్చుటకే జరిగినది: కాదనువాడు ఎందుకు కాదనుచున్నాడో కూడ చెప్పవలెను.

నాలుగునకును ఐదునకును గల అంతరము మిర్యాలగూడ వాసులకు వేరుగా బోధింపనక్కరలేదు. సాగర్ ఎడమ కాలువ నీటితో పండిన వడ్లు కోతకాలమున ట్రాక్టర్లమీద ఆ పట్టణపు బియ్యపు మిల్లుల వాకిటికి బారులు తీరుట వారెరిగినదే. మిల్లులో యంత్రము చెడి మర ఆగినచో, వడ్లు ఎంత మేలైనవైనను ఆనాడు దిగుమతి కావు. రైతు చేయగలిగినదేమియు లేదు, వేచియుండవలెను. ఇది ఐదవ వంశము. 500 అనగా లోపల ఏదో చెడినదని, 503 అనగా ప్రస్తుతము సేవ చేయజాలనని. పరీక్షా ఫలితముల నాటి ఉదయమున లక్షలాది పిల్లలు ఒకే నిమిషమున ఒకే సైటును తట్టినప్పుడు కానవచ్చునవి సాధారణముగా ఈ జాతివే. మర తిరుగుచునే యుండగా, కొనుగోలు కేంద్రమునందు తేమ యంత్రము 17 శాతమునకు మించి చూపినచో, కాంటా వేయకుండ "ఆరబెట్టి తెమ్మ"ని పంపివేయుదురు. ఇది నాలుగవ వంశము. ఇచ్చట సామాన్యముగా వేచియున్నందువలన ఫలము లేదు. వడ్లను ఆరబెట్టినగాని పని కాదు. దుకాణపు కుర్రవాడు "సర్వర్ డౌన్" అన్నప్పుడు ఆరబెట్టవలసిన వడ్లకు మర బాగగుదాక ఆగుమని సలహా చెప్పినవాడగుచున్నాడు.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. నాలుగవ వంశమునకు ఇంగ్లీషులో క్లయింట్ ఎర్రర్ అని పేరు. ఆ పేరు చూచి, తప్పు తనదేయని, తనకు చదువు రాకపోవుటయే కారణమని నొచ్చుకొను సామాన్యులు పెక్కుమంది కలరు. క్లయింట్ అనగా మనిషి కాదు. మనిషి తరఫున అడుగు బ్రౌజరు. ఆ బ్రౌజరుకు తప్పు చిరునామా నిచ్చినది వేరొక వెబ్‌సైటులోని పాత లింకు కావచ్చును, వాట్సాపులో ఎవరో పంపిన అసంపూర్ణమైన వరుస కావచ్చును, లేక ఆ వెబ్‌సైటును నిర్మించినవారే తమ పుటను చెప్పకుండ కదలించి యుండవచ్చును. "నాకు వచ్చిన అభ్యర్థన ఈ రూపములో నెరవేరదు" అనుటయే ఆ సంఖ్య భావము. "నీవు తప్పుచేసితివి" అనుట కాదు.

ఇక ఆ వంశములోని వారి నొక్కొక్కరిని చూతము. 400 అన్నిటికంటె సామాన్యమైనది: వచ్చిన అభ్యర్థన రూపమే సరిగా లేదు, చదువుటకే వీలుపడలేదు. నీటిలో తడిసి అక్షరములు చెదరిన దరఖాస్తును బల్లమీదనుండి తిరిగి ఇచ్చివేయుట వంటిదిది. దీనికి దాయాది 422: దరఖాస్తు స్పష్టముగానే యున్నది, ప్రతి గడియు నింపబడినది, కాని నింపిన విషయము అంగీకార యోగ్యము కాదు, పుట్టిన తేదీ గడిలో రానున్న సంవత్సరమును వ్రాసినట్లు. గోనె సంచి బాగుండి, చీటీ బాగుండి, లోపలి వడ్లలో తేమ మిక్కిలిగా నుండుట ఇట్టిదే. ఫోటో పరిమాణము మించినప్పుడు వచ్చునది 413. పీడీఎఫ్ కోరినచోట వేరొక రకపు ఫైలు నిచ్చినప్పుడు వచ్చునది 415. ఈ రెంటికిని మందు దుకాణములోనే కలదు. సైజు తగ్గించినను, ఫైలు రకము మార్చినను చాలును. చూచుటకు మాత్రమే యుద్దేశింపబడిన చోట సమర్పించుటకు యత్నించినచో 405 వచ్చును. ఈ బదులు నిచ్చు సర్వరు తానంగీకరించు పద్ధతులేవో కూడ చెప్పితీరవలెనని నియమము.

అందరును పొరపడునది 401, 403 అను జంటవద్ద. ఇంగ్లీషులో 401కి పెట్టిన పేరు "అధికారము లేదు" అను భావము నిచ్చును గాని, దాని యసలు అర్థమది కాదు. "మీరెవరో నాకు ఇంకను తెలియలేదు, గుర్తింపు చూపుడు" అనుటయే 401. అందుచేతనే ఈ బదులు పంపు సర్వరు, ఏ విధమైన గుర్తింపు కావలెనో కూడ ఆ బదులులోనే చెప్పవలెనని నియమము విధించినది. లాగిన్ చేసిన కొంతసేపటికి "సెషన్ ఎక్స్‌పైర్డ్" అని వచ్చుటయు, పాస్‌వర్డు తప్పుపడుటయు, ఆధార్‌కు ముడిపెట్టిన ఫోను కొడుకుతో హైదరాబాదులో నుండగా ఓటీపీ అక్కడికి పోవుటయు ఈ 401 కుటుంబపు చిక్కులే. ఇచ్చట తలుపు మూసివేయబడలేదు. కొడుకునకు ఫోను చేసి ఆరంకెలు చెప్పించుకొన్నచో తెరచుకొనును.

403 అట్లు కాదు. "మీరెవరో తెలిసినను, లేక తెలిసికొన నక్కరలేకయే, ఇది మీకు ఇవ్వజాలను" అనుట దాని భావము. అదే గుర్తింపుతో పదిమార్లు లాగిన్ చేసినను ఫలితము మారదు. కోదాడ ప్రజలకు ఈ భేదము కన్నులయెదుట జరిగినట్టిదే. 2021 మే నెలలో లాక్‌డౌన్ నాడు, కోదాడ దాటిన పిమ్మట ఆంధ్రప్రదేశ్ సరిహద్దునందలి రామాపురం క్రాస్‌రోడ్డువద్ద ఈ-పాసు లేని వాహనములను పోలీసులు నిలిపివేసిరి. పాసు చూపని వానికి "పాసు తెచ్చి రండి" అను మాట 401 వంటిది. అది పూర్తి చేయదగిన కొరత. పాసు చూపినను, "ఇది ఈ తోవకు చెల్లదు, వెనుకకు మరలుడు" అనుట 403 వంటిది. అచ్చట అదే పాసును ఎన్నిమార్లు చూపినను వ్యర్థము, అనుమతి నిచ్చు పై యధికారిని ఆశ్రయించుటయే గతి. విదేశములలోని మన పిల్లలు స్వగ్రామములోని తల్లిదండ్రుల పనికై ఇచ్చటి ప్రభుత్వ సైటులను తెరువబోయి కొన్నిటిలో 403 చూచుటకు కూడ ఇట్టి కారణమే యుండవచ్చును. దేశము వెలుపలి నుండి వచ్చు అభ్యర్థనలను భద్రతకై అడ్డగించు సైటులు కలవు. అట్టిచో పాస్‌వర్డు మార్చి మార్చి ప్రయత్నించుటకంటె, ఇచ్చటనున్న బంధువుచేత తెరిపించుట మేలు.

ఇక లోకప్రసిద్ధమైన 404. సెర్న్‌లోని 404వ గదిలో తొలి సర్వరుండెననియు, దానినిబట్టియే ఈ సంఖ్య వచ్చినదనియు ఒక కథ వ్యాపించినది గాని, అందు నిజము లేదు. నాలుగవ వంశములో వరుసగా చేరిన సంఖ్యలలో ఇదియు నొకటి. "ఇచ్చట లేదు" అనుటయే దీని సమస్త సందేశము. ఎన్నడును లేదో, నిన్నటిదాక నుండి నేడు పోయినదో, రేపు వచ్చునో చెప్పదు. ఈ మౌనమే దీనివద్ద మనుష్యులు కంగారుపడుటకు మూలము.

లేకపోవుటకును, కదలిపోవుటకును గల భేదము ఈ మూడు పట్టణముల చరిత్రలోనే యున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన, దసరానాడు, పూర్వపు నల్లగొండ జిల్లా మూడు జిల్లాలుగా విడిపోయెను. సూర్యాపేటయు, కోదాడయు సూర్యాపేట జిల్లాలో చేరినవి. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచెను. ఒక్క గజము భూమి కూడ తన చోటినుండి కదలలేదు, కాని దాని చిరునామా మారినది. నేటికిని పాత అలవాటుచొప్పున నల్లగొండ జిల్లా పట్టికలో కోదాడ మండలమును వెదకువారు ఉందురు. అది అచ్చట దొరకదు. దొరకనంతమాత్రమున కోదాడ లేకుండపోయినదా? 404 చూచినప్పుడు మొదట వేసికొనవలసిన ప్రశ్న ఇదియే. అట్లే భూరికార్డులకై 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి స్థానమున 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినది. 2024లో రాష్ట్రపు సంక్షిప్త నామము టీఎస్ పోయి టీజీ కాగా, పెక్కు ప్రభుత్వ సంస్థల పేర్లు దానివెంట మారినవి. పేరు మారిన ప్రతిమారును వెబ్ చిరునామాలును మారుచుండును; కాని దుకాణపు కంప్యూటరులో భద్రపరచుకొన్న లింకు మాత్రము తనంత తాను మారదు. మనము మొదట చూచిన వృద్ధుని కథలో, మునగాలవైపు నుండి అతడు రాకముందే ఆ పుట వేరొక చిరునామాకు తరలిపోయి, కుర్రవాడు పాత లింకునే తెరచినచో కానవచ్చునది ఈ 404యే. ఆ సైటు ముఖపుటనుండి క్రొత్తగా వెదకినచో పని ఆనాడే నెరవేరవచ్చును.

అందువలననే వెబ్ నిర్మాతలకు ఇచ్చట రెండు ధర్మములు కలవు. పుట వేరొక చోటికి తరలినచో 301 అను సంఖ్యతో పాత చిరునామానుండి క్రొత్త చిరునామాకు దారి చూపవలెను; ఇల్లు మారినవాడు పాత వాకిట క్రొత్త చిరునామా వ్రాసి పెట్టినట్లు. పుటను బుద్ధిపూర్వకముగా, శాశ్వతముగా తొలగించినచో 410 చెప్పవలెను. "ఒకప్పుడుండెను, ఇప్పుడు లేదు, ఇక రాదు" అనుట 410. దానిని విన్నవాడు వెదకుట మానును. 404 మాత్రము ఏమియు తెలియనప్పటి మాట. ఒకొక్కప్పుడు సర్వరులు 403 చెప్పవలసినచోట 404 చెప్పుటయు కలదు. ఒక రహస్యపత్రము ఉన్నదని ఒప్పుకొనుటయే ప్రమాదమైనప్పుడు అది లేదనుట నియమావళి అంగీకరించిన పద్ధతియే.

కాలమునకు సంబంధించిన నిరాకరణలు మరి మూడు. నెట్టు బలహీనమైన పల్లెలో దరఖాస్తు సగము చేరి ఆగిపోయి, సర్వరు వేచి వేచి విడిచినచో 408; మరల పంపిన చాలును. ఒకే పత్రమును ఇద్దరు ఒకేమారు దిద్దబోవగా, రెండవవాని దిద్దుబాటు ఇప్పటి స్థితితో పొసగనిచో 409. ముందు క్రొత్త ప్రతిని తెరచి చూచి, పిమ్మట దిద్దుకొనవలెను. మూడవది 429, 2012 ఏప్రిల్‌లో చేరినది: "మీరు కొద్దికాలములో మిక్కిలిమార్లు అడిగితిరి." మిర్యాలగూడ మిల్లులవద్ద రద్దీ పెరిగిన కోతకాలములందు రైతులకు తేదీలవారీగా టోకెన్లిచ్చిన పద్ధతి ఇచ్చటివారెరుగుదురు. టోకెను చూపిన తేదీకి ముందు ట్రాక్టరును ఎన్నిమార్లు గేటువద్దకు తోలినను వరుస పెరుగునే గాని కాంటా కాదు. 429తోపాటు ఎంతసేపు ఆగవలెనో కూడ సర్వరు చెప్పవచ్చును. ఇచ్చట రిఫ్రెష్ మీద రిఫ్రెష్ నొక్కుట అపకారము. చేయి తీసి కొంతసేపు ఊరకుండుటయే ఉపాయము. 503 వలె ఇదియు ఆగుమనునదే యైనను, 503 అందరి భారమును గూర్చినది, 429 మన యొక్కరి తొందరను గూర్చినది.

ఇంకొకటి చెప్పి ఈ సంఖ్యల పట్టికను ముగింతును. 2016 ఫిబ్రవరిలో 451 అను సంఖ్య చేరినది: చట్టపరమైన కారణములచేత ఈ పుట చూపబడదని దాని భావము. పుస్తకములను తగులబెట్టు సమాజమును చిత్రించిన రే బ్రాడ్‌బరీ 1953 నాటి నవల "ఫారెన్‌హీట్ 451" పేరునుండి ఆ సంఖ్యను గ్రహించిరి. మన దేశమున సమాచార సాంకేతిక చట్టములోని 69ఎ సెక్షను క్రింద ప్రభుత్వము వెబ్‌పుటలను నిలిపివేయించు అధికారము కలదు. నిషేధము న్యాయమైనదా కాదా యనునది వేరు చర్చ. కాని నిషేధించినప్పుడు "దొరకలేదు" అని బొంకక, "నిషేధింపబడినది" అని చెప్పుట పౌరుని యెడల చూపవలసిన కనీస మర్యాద. ఆ మర్యాదకొరకే ఈ సంఖ్య పుట్టినది.

ఆ మర్యాద నేడు పెక్కు సైటులలో లోపించుచున్నదని చెప్పుటకు బాధ కలుగుచున్నది. లోపల ఏ సంఖ్య వచ్చినను తెరమీద "ఏదో పొరపాటు జరిగినది, తరువాత ప్రయత్నింపుడు" అను ఒక్క వాక్యమునే చూపు సైటులు కొల్లలు. పుట లేకపోయినను 200 పంపి, విజయపు వేషములో వైఫల్యమును దాచునవియు కలవు. 1991 నాటి అస్పష్టతలోనికి మనలను అవి మరల నెట్టుచున్నవి. ముప్పది యేండ్ల కృషితో ఏర్పడిన ఈ భేదములను ఒక్క వాక్యముతో తుడిచివేయుటవలన నష్టపోవునది నిపుణుడు కాదు. అతడు లోపలికి తొంగిచూచి సంఖ్య నెరుగగలడు. నష్టపోవునది ఇంగ్లీషు చదువలేక, దుకాణదారుని మాటయే ప్రమాణముగా ఇంటికి మరలు మనిషి. సర్వజనులకొరకు సైటులను నిర్మించువారు సంఖ్యను దాచక చూపి, దాని క్రింద తెలుగులో ఒక పంక్తి, "ఓటీపీ కావలెను" అనియో, "ఫోటో సైజు తగ్గింపుడు" అనియో, "ఈ పుట క్రొత్త సైటునకు మారినది" అనియో వ్రాయుదురుగాక. దానికి గొప్ప విజ్ఞానము అక్కరలేదు. ఎదుటివాని దినము విలువ తెలిసిన చాలును.

అంతవరకు దుకాణములలోని యువకులు చేయగలిగిన పని యొకటి కలదు. తెర తెల్లబడినప్పుడు, కిటికీ మూయకముందు, మొదటి అంకెను చూడవలెను. అది ఐదైనచో నిస్సంకోచముగా "సర్వర్ డౌన్, రేపు రా" అనవచ్చును. నాలుగైనచో వృద్ధుడు తెచ్చిన జిరాక్సు కాగితపు వెనుకవైపున ఆ సంఖ్యయు, దాని ప్రక్కన తెచ్చుకొనవలసినదో, సరిచేయవలసినదో, వెదకవలసినదో ఒక్క తెలుగు మాటయు వ్రాసి ఇయ్యవలెను: "401 — కొడుకు ఫోను కావలె." ఆ చీటీని సంచిలో భద్రపరచుకొని మునగాల బస్సెక్కిన మనిషి ఆ సాయంత్రము ఇంటినుండి హైదరాబాదుకు ఫోను చేసి, మరునాడు కొడుకు ఓటీపీ చెప్పు వేళకే సూర్యాపేటకు వచ్చును.